పట్టేసిన కీ

నీళ్ళలో దిగే వాచీలకు కీ లాగితే రాదు. ముందు దాని మర విప్పాలి. విప్పగానే లోపలి స్ప్రింగు నెట్టి కీ కాస్త బయటికి ఎగురుతుంది. టైమైనా తేదీ అయినా మార్చుకునేది ఆ తరువాతే. కొట్టువాళ్ళు దాన్ని క్రౌన్ అంటారు, పెట్టుకునేవాళ్ళం కీ అంటాం. ఆ మర పట్టేసి వేళ్ళకు లొంగకపోతే ఏం చెయ్యాలన్నదే ఇక్కడి తగువు.

తగువు పడ్డ ఇద్దరిదీ విశాఖపట్నమే. పెద్దాయన హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. రెండో ఆయన పూర్ణా మార్కెట్టు దగ్గర తండ్రి పెట్టిన వాచీల కొట్టు నడుపుతున్న మెకానిక్. బల్ల మీదున్నది సీకో డైవర్, ఎస్‌కేఎక్స్ 007. 1996లో వచ్చిన మోడల్, 200 మీటర్ల లోతుకు చేసింది. కీ మూడు అంకె పక్కన కాకుండా కిందికి, నాలుగు దగ్గర ఉంటుంది. ఏళ్ళ క్రితం ఫిట్టరు గారి అబ్బాయి దుబాయి నుంచి తెచ్చాడు, అందుకే కిటికీలో వారం పేరు ఇంగ్లీషులోనూ పెట్టుకోవచ్చు, అరబ్బీలోనూ పెట్టుకోవచ్చు. ఆయన తెల్లవారి బీచిలో మునిగేది కూడా దానితోనే.

ఇద్దరూ ఎవరి పనిలో వాళ్ళు ఆరితేరినవాళ్ళు. అందుకే ఒకరి మాట ఒకరు వినరు.

ఫిట్టరు: సంక్రాంతికి తేదీ సరిచేశాను. ఫిబ్రవరి మూడు రోజులు మింగింది, ఏప్రిల్ ఒకటి. ఇప్పుడు నాలుగు రోజులు వెనకుంది. వారం మాత్రం సరిగ్గానే చూపిస్తోంది. తీరా మారుద్దామంటే కీ తిరగదు. ఓ ప్లేయరు ఇలా ఇయ్యి నాయనా, ఒక్క పట్టుకు వచ్చేస్తాది.

మెకానిక్: ప్లేయరు మాత్రం ఇవ్వను బాబాయ్ గారూ. ముందు ఇది చెప్పండి, ఇంట్లో ఎటు తిప్పారు?

ఫిట్టరు: ఎటేటి? విప్పే వైపే. మర విప్పడం నువ్వు నాకు నేర్పుతావా?

మెకానిక్: నేర్పేంతవాణ్ణి కాదు. కానీ ఇక్కడికొచ్చే పట్టేసిన క్రౌన్లలో కొన్ని పట్టేసినవి కావు, బిగించేసినవి. క్రౌన్‌ని ఎదురుగా పెట్టుకుని చూస్తే గడియారం ముల్లుకు ఎదురు తిప్పాలి, అది అందరికీ తెలుసు. కానీ తిప్పేటప్పుడు మనం చూసేది డయలుని, క్రౌన్‌ని కాదు. డయలు మన మొహం వైపు, క్రౌన్ కుడి పక్కన ఉన్నప్పుడు, మనకు కనబడే దాని వీపు ఆరు అంకె కేసి కిందికి రావాలి. పన్నెండు కేసి పైకి నెట్టారంటే ఇంకాస్త బిగించినట్టే.

ఫిట్టరు: కిందికే లాగాను. బొటనవేలి తోలు లేచింది, చూడు.

నిజంగానే లేచింది. క్రౌన్ చుట్టూ ఉండే గాట్లు ఆయన వేలి మీద వరసగా అచ్చుపడ్డాయి.

మెకానిక్: సరే, వైపు సరైనదే. ఇక ప్లేయరు ఎందుకు వద్దంటున్నానో వినండి. క్రౌన్ పైకి గట్టి ముద్దలా కనబడుతుంది గానీ లోపల డొల్ల. చాలా వాచీల్లో కేసు నుంచి చిన్న ట్యూబు పొడుచుకొచ్చి ఉంటుంది, దాని ఒంటి మీద మరచుట్లు. క్రౌన్ అంచు దాని మీద టోపీలా కూర్చుంటుంది, మరచుట్లు దాని కడుపులో. ఆ అంచు పల్చన. ప్లేయరుకి ఉన్నవి రెండు దవడలు. రెండు వైపుల నుంచీ నొక్కితే గుండ్రటి అంచు అణిగి ట్యూబును కరిచి పట్టుకుంటుంది. మీరు విప్పడానికి పట్టిన పట్టే దాన్ని బిగించేస్తుంది. గట్టిగా పట్టేకొద్దీ ఇంకా బిగుస్తుంది.

ఫిట్టరు: లెక్క చెప్తాను, నువ్వూ విను. కీ అడ్డకొలత ఏడు మిల్లీమీటర్లు అనుకో. మధ్య నుంచి అంచుకి మూడున్నర. అంత చిన్నదాన్ని వేళ్ళతో తిప్పితే ఎంత బలం పుడతాది? ప్లేయరు పిడి పదిహేను సెంటీమీటర్లు. నలభై రెట్లకి తక్కువ కాదు.

మెకానిక్: ఆ నలభై రెట్లూ ఎవరి మీద పడతాయో అది కూడా లెక్కలో వెయ్యండి. క్రౌన్‌తో పాటు ట్యూబే తిరిగిపోతే? రోలెక్స్ లాంటివాటిలో ట్యూబు మరతో బిగించి ఉంటుంది, పాడైతే విప్పి కొత్తది వెయ్యొచ్చు. కొన్నిట్లో కేసులోకి దిగగొట్టి ఉంటుంది, అది పోయిందంటే కేసు మీదకే వస్తుంది. క్రౌన్ నుంచి మిషన్‌లోకి వెళ్ళే స్టెమ్ ఉందే, దాని మర మిల్లీమీటరు కూడా ఉండదు. మీ షిప్‌యార్డులో మిల్లీమీటరు బోల్టు ఎప్పుడైనా చూశారా?

ఫిట్టరు: మా దగ్గర మిల్లీమీటరంటే రంగు మందం. సరే, ప్లేయరు ఒగ్గెయ్. డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా పక్కన పెట్టు. పొద్దున్నకి వేలితో వస్తాది.

మెకానిక్: ఐగ్లాసు పెట్టుకుని ఇటు చూడండి. క్రౌన్‌కీ కేసుకీ మధ్య సందు చుట్టూతా ఒకేలా ఉంది. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే మర పక్కచుట్టు ఎక్కిందని అర్థం. అది వేరే జబ్బు. క్రౌన్ తిరుగుతూనే ఉండి బయటికి రాకపోతే అది ఇంకో జబ్బు, మర అరిగిపోయిందో లోపల ఏదైనా విరిగిందో. మీది రెండూ కాదు. సందులో తెల్లటి గీత కనబడుతోందా?

ఫిట్టరు: ఉప్పు.

మెకానిక్: ఉప్పు, సబ్బు, చెమట జిడ్డు, ఒంటి మట్టి. ఆరి రాయైపోయాయి. ఉప్పు నూనెలో కరుగుతుందా బాబాయ్ గారూ?

ఇక్కడ ఫిట్టరు గారు కాసేపు మాట్లాడలేదు. నాకైతే ఈ ఒక్క ప్రశ్నతోనే సగం వాదం తేలిపోయిందనిపించింది. పట్టేసిన ప్రతి మరకీ నూనే మందు అనుకోవడం మనందరి అలవాటు. తలుపు బందుకు కొట్టే నూనే సైకిలు చైనుకీ కొడతాం, కుట్టుమిషనుకీ కొడతాం. తుప్పు పట్టిన ఇనుముకి అది పని చేస్తుంది, సందులోకి పాకి తుప్పును వదులు చేస్తుంది. గడ్డకట్టిన ఉప్పుకి మాత్రం నూనె కంబళి కప్పినట్టే.

మెకానిక్: ఇంకోటి. సన్నటి సందుల్లోకి పాకడమే ఆ నూనె ఉద్యోగం. మర దగ్గర ఆగమంటే ఆగదు. స్టెమ్ పట్టుకుని లోపలికి పోతుంది. లోపల హెయిర్‌స్ప్రింగ్ అని వెంట్రుక కంటే సన్నగా చుట్టుచుట్టుగా ఉంటుంది. దాని చుట్లు నూనెకి ఒకదానికొకటి అంటుకున్నాయంటే వాచీ పరుగు తీస్తుంది. మీ వాచీ ఇప్పుడు పన్నెండు నిమిషాలు ముందుంది. అప్పుడు రోజుకి గంటలు ముందుంటుంది.

ఫిట్టరు: పన్నెండు నిమిషాలు ముందుంటే నష్టమేటి? ఎక్కడికైనా వేళకి ముందే చేరుతున్నాను. సరే, నూనె వద్దు. కానీ నువ్వూ ఒకటి చూడలేదు. ఉప్పు ఒక్కటే అనుకుంటున్నావు. కీ స్టెయిన్‌లెస్, ట్యూబూ స్టెయిన్‌లెస్ అయితే అసలు గొడవ వేరే. స్టెయిన్‌లెస్‌కి మెరుపు ఎక్కడిది? పైన క్రోమియం పొర. గాలిలో ఉన్న ఆక్సిజన్‌తో ఆ పొర తనంతట తనే కట్టుకుంటాది, గీత పడితే మళ్ళీ కట్టుకుంటాది. రెండు స్టెయిన్‌లెస్ మరలు గట్టిగా రాసుకుంటే పొర లేచిపోయి లోపలి లోహం లోహానికి అతుక్కుపోతాది. వెల్డింగ్ లేకుండానే వెల్డ్ అన్నమాట. మా దగ్గర స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టు వేసి, పూత రాయకుండా గన్నుతో తిప్పిన కుర్రాళ్ళు ఉన్నారు. సగం దూరం వెళ్ళి ఆగేది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

మెకానిక్: ఇదీ అదే అంటారా?

ఫిట్టరు: అది చెప్పడానికి ఒక గుర్తుంది. ఉప్పు పట్టినది మొదట్లో అసలు కదలదు, ఒకసారి విడిందంటే కరకరమంటూ వదులవుతాది. లోహం అతుక్కున్నది కాస్త కదులుతాది, కదిలే కొద్దీ గట్టిపడతాది. అలా గట్టిపడితే వెంటనే ఆగిపోవాలి. బలం పెట్టావో, ఉన్న మర కూడా చిరుగుతాది.

మెకానిక్: అయితే ముందు ఉప్పు సంగతి చూద్దాం.

మెకానిక్ వాచీని నీళ్ళలో ముంచలేదు. లోపలి రబ్బరు వాషరు ఎన్నాళ్ళదో తెలియనప్పుడు ముంచకూడదంటాడు. మెత్తటి బ్రష్షుతో గాట్లలోని మట్టి దులిపాడు. గోరువెచ్చటి నీళ్ళలో ఒక చుక్క సబ్బు కలిపి, దూదిని తడిపి పిండి, క్రౌన్ చుట్టూ సందులోకి నొక్కాడు. క్రౌన్ కిందికి ఉండేలా వాచీని నిలబెట్టాడు. నీరు కిందికి జారుతుందే తప్ప లోపలికి ఎక్కదని కాదు, ఎక్కడం కాస్త కష్టమవుతుందని. దూది ఆరినప్పుడల్లా ఒక్కో చుక్క. ఇంతే వైద్యం. కానీ దీనికి గంటలు పడుతుంది, గంటల పాటు ఫిట్టరు గారు ఊరుకోరు.

ఫిట్టరు: అసలీ మర ఎవడడిగాడు? నా పాత హెచ్ఎంటీకి లాగితే కీ వచ్చేది, నొక్కితే పోయేది.

మెకానిక్: ఆ హెచ్ఎంటీతో బీచిలో మునిగారా?

ఫిట్టరు: మునగలేదు. తీసి ఒడ్డున చొక్కా జేబులో పెట్టేవాణ్ణి.

మెకానిక్: మా నాన్న చేతిలో పడ్డవి ఎక్కువగా ఆ హెచ్ఎంటీలే, తరువాత హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు సీకోతో కలిసి చేసినవి. వానలో తడిసి డయలు మీద మచ్చలు పడి వచ్చేవి. నీళ్ళు లోపలికి పోయే దారుల్లో అద్దం ఒకటి, వెనక మూత ఒకటి, మూడోది ఈ క్రౌన్. మూడోదే కష్టం, ఎందుకంటే అది తిరగాలి, లాగాలి, మళ్ళీ మూసుకోవాలి. దానికి మర పెట్టాలన్న ఆలోచనకి స్విట్జర్లాండులో పెరె, పెర్రెగో అని ఇద్దరు 1925లో పేటెంటు తీసుకున్నారు. రోలెక్స్ యజమాని హాన్స్ విల్స్‌డార్ఫ్ దాన్ని కొనేసి 1926లో ఆయిస్టర్ తెచ్చాడు. మరుసటి ఏడు అక్టోబరులో మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఇంగ్లండు ఆవిడ మెడకి ఆయిస్టర్ కట్టుకుని ఇంగ్లిష్ ఛానల్లో దిగింది. చలికి ఈత పూర్తి కాలేదు గానీ పది గంటల పైన నీళ్ళలో ఉన్న వాచీ నడుస్తూనే ఉంది. నవంబరు 24న డెయిలీ మెయిల్ మొదటి పేజీ నిండా అదే ప్రకటన.

ఫిట్టరు: ఆ ఆయిస్టర్‌కి రోజూ కీ ఇవ్వాలా, అక్కర్లేదా?

మెకానిక్: ఇవ్వాలి. అప్పట్లో ఆయిస్టర్లన్నీ చేత్తో కీ ఇచ్చేవే.

ఫిట్టరు: అంటే రోజూ పొద్దున్నే మర విప్పాలి, కీ ఇవ్వాలి, మళ్ళీ బిగించాలి. ఇంకెక్కడ పట్టేస్తాది?

మెకానిక్: పట్టేయదు గానీ అరిగిపోయేది. రోజూ విప్పి బిగిస్తే మర ఎంతకాలం ఉంటుంది? అదీగాక కీ ఇచ్చి బిగించడం మరిచిపోయేవాళ్ళు. ఆ మరిచిన రోజే నీళ్ళు పడేవి. 1931లో రోలెక్స్ వాళ్ళు చేతి కదలికకి తనంతట తనే తిరిగే బరువు పెట్టాక ఆ బాధ పోయింది. మీ సీకోలో ఉన్న 7ఎస్26 మిషను ఇంకో మెట్టు ముందుకెళ్ళింది. దానికి మీరు కీ ఇద్దామన్నా ఇవ్వలేరు, ఆ ఏర్పాటే లేదు. క్రౌన్ ముట్టుకునే పని టైముకీ తేదీకీ మాత్రమే.

ఫిట్టరు: చెప్పావు కదా, నీ నోటితోనే. ముట్టుకునే పని లేకుండా చేశారు, ముట్టుకోలేదు, పట్టేసింది. తప్పు నా ఉప్పుదా, ఆ ఏర్పాటుదా?

ఈ మాట దగ్గర నేను ఫిట్టరు గారి పక్షం. అరుగుదలకి మందు కనిపెడుతూ ముట్టుకోవాల్సిన అవసరాన్నే తీసేశారు. ఓడలో వాడని వాల్వుని కూడా నెలకోసారి తిప్పి చూసే మనిషి ఆయన. అలాంటాయన తన మణికట్టు మీదున్న మరని నెలల తరబడి వదిలేశాడంటే, వాచీ ఆయనకి ఆ అవసరమే తెలియనివ్వలేదు.

మెకానిక్: అయినా నెలకోసారి తేదీ మార్చే పని ఉంది కదా.

ఫిట్టరు: ముప్పై ఒకటి ఉన్న నెల అయిపోతే అదీ లేదు. జులై నుంచి ఆగస్టు దాటేదాకా చూడు, రెండు నెలలు ఎవడూ ముట్టుకోడు. సరే, నాయనా, ఇదంతా ఎందుకు? వాచీ నడుస్తోంది. తేదీ ఎవడిక్కావాలి, ఫోనులో ఉంది. ఇలాగే ఒగ్గేద్దాం.

మెకానిక్: ఇందాక క్రోమియం పొర గురించి చెప్పింది మీరే. ఆ ఉప్పు సందులో గాలి ఆడుతుందా?

ఫిట్టరు: ఆడదు. పొర మళ్ళీ కట్టుకోదు. ఉప్పు లోపలే కూర్చుని సందు సందునా తింటాది. సముద్రపు నీటిలో వాషరు కింద గుంటలు పడ్డ స్టెయిన్‌లెస్ నేను చూడలేదనుకున్నావా? బయటికి మెరుస్తానే ఉంటాది. సరే, విప్పాల్సిందే. కానీ నీ దూది వైద్యానికి రాకపోతే ఏం చేస్తావో ముందే తేల్చు.

మెకానిక్: రేపు మళ్ళీ దూది. ఎల్లుండి మళ్ళీ.

ఫిట్టరు: అప్పటికీ రాకపోతే?

మెకానిక్: కొద్దిగా వేడి. సోల్డరింగ్ ఐరన్ మొన క్రౌన్ నెత్తి మీద కొన్ని సెకన్లు.

ఫిట్టరు: ఆ! ఇప్పుడు దారికొచ్చావు. పైనున్నది కీ, లోపలున్నది ట్యూబు. కీ ముందు వేడెక్కితే కాస్త పెద్దదవుతాది. కాస్త అంటే, ఏడు మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్, అరవై డిగ్రీలు పెంచితే, మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఏడు. చూడ్డానికి ఏమీ లేదు. కానీ అతుకు విడగొట్టడానికి అది చాలు.

మెకానిక్: అదే వేడి స్టెమ్ పట్టుకుని లోపలికి కూడా పోతుంది. అందుకే కొన్ని సెకన్లే. వాచీని ఫ్రిజ్‌లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

ఫిట్టరు: రెండూ కలిసి ముడుచుకుంటే ఉపయోగమేటి? పైగా బయటికి తియ్యగానే లోపల చెమ్మ. అది ఒగ్గెయ్. వేడికీ రాకపోతే?

మెకానిక్ సమాధానం చెప్పలేదు. దూది మీద ఇంకో చుక్క వేశాడు.

ఫిట్టరు: నేను చెప్తాను. కోసెయ్. మా దగ్గర స్టడ్డు మీద నట్టు పట్టేస్తే స్టడ్డుని తిప్పం. నట్టుని చీలుస్తాం. నట్టు పోతే ఇంకో నట్టు. స్టడ్డు విరిగితే దాన్ని పట్టుకున్న పెద్ద ముక్క పాడవుతాది, అప్పుడు ఓడ ఆగుతాది. ఇక్కడ కీ అంటే నట్టు. ట్యూబు అంటే స్టడ్డు. కీ అంచుని సన్నటి చక్రంతో మర అంటకుండా నిలువునా గాటు పెట్టు, విచ్చుకుంటాది.

మెకానిక్: చెప్పినంత తేలిక కాదు. ఈ మోడల్ తయారీ ఆగిపోయింది. బయట చేసిన క్రౌన్లు దొరుకుతాయి, కానీ మర కొలత వెంట్రుకవాసి తేడా ఉన్నా కొత్త క్రౌన్ పాత ట్యూబు మరని తినేస్తుంది. అసలు క్రౌన్ పోయిన వాచీకి కొనేవాడి దగ్గర విలువ కూడా ఉండదు.

ఫిట్టరు: నేను అమ్ముతున్నానా? అసలు, నకిలీ అని నువ్వు బాధపడుతున్నావు గానీ, నకిలీ కీతో వాచీ నడుస్తాది. మర పోయిన కేసుతో నడుస్తాదా?

మెకానిక్: నడవదు. కానీ కోసేటప్పుడు రాలిన స్టీలు పొడి ఎక్కడికి పోతుంది? మిషను ఇంకా లోపలే ఉంది. మామూలుగా అయితే క్రౌన్ తీసి మిషను బయటపెడతాం. ఇక్కడ క్రౌన్ రానిదే స్టెమ్ రాదు, స్టెమ్ రానిదే మిషను రాదు. అదీ చిక్కు.

ఫిట్టరు: వెనక మూత తియ్యకుండా, క్రౌన్ కిందికి పెట్టి, చుట్టూ మైనం పూసి కొయ్యి. పొడి మైనంలో ఉండిపోతాది. కోసే పని కష్టమని ఒప్పుకుంటాను, కోయకూడదంటే ఒప్పుకోను.

నా ఓటు మళ్ళీ ఫిట్టరు గారికే. మెకానిక్ భయం న్యాయమైనదే, కానీ అది పనికి సంబంధించిన భయం కొంత, అసలు వస్తువు మీద మమకారం కొంత. ఏది పోయినా ఫరవాలేదో ముందే తేల్చుకోకుండా పట్టేసిన మర మీద చెయ్యి వేస్తే, ఏది పోవాలో చెయ్యే తేల్చేస్తుంది. సాధారణంగా తప్పుగా తేలుస్తుంది.

వాదన మధ్యలో ఫిట్టరు గారి చూపు సొరుగులోని తెల్లటి గడ్డ మీద పడింది.

ఫిట్టరు: పటిక! దిష్టికి గుమ్మంలో కడతారు గానీ సొరుగులో పెడతారేటి?

మెకానిక్: గుమ్మంలోది దిష్టికి. ఇది విరిగిన స్టెములకి. ఇత్తడి క్రౌన్‌లో స్టెమ్ విరిగి ఉండిపోయిందనుకోండి, పట్టుకోడానికి అందదు. పటిక నీళ్ళలో వేసి వెచ్చగా ఉంచితే స్టీలు ముక్కని తినేస్తుంది, ఇత్తడిని ముట్టదు. మా నాన్న నేర్పింది ఇదే.

ఫిట్టరు: అయితే ఇందులో వెయ్యి.

మెకానిక్: స్టెయిన్‌లెస్ మీద దాని ఆట సాగదు. సాగినా కేసు కూడా స్టీలే, దేన్ని తినాలో పటికకి ఎవరు చెప్తారు?

ఫిట్టరు గారు నవ్వారు. నవ్వినా ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు. ఇంటికెళ్ళి భోంచేసి, సాయంత్రం మళ్ళీ వచ్చారు. దూది బూడిదరంగుకి తిరిగింది.

మెకానిక్ పాత సైకిలు ట్యూబు ముక్క తీశాడు. చేతి జిడ్డు సబ్బుతో కడుక్కున్నాడు. రబ్బరు జారదు కాబట్టి గట్టిగా నొక్కే పని లేదు, నొక్కుడు తగ్గితే ఆ పల్చటి అంచు అణిగే భయం కూడా తగ్గుతుంది. రబ్బరు మీంచి క్రౌన్‌ని రెండు వేళ్ళతో పట్టి, తిప్పే ముందు లోపలికి నొక్కాడు.

ఫిట్టరు: అదెందుకు?

మెకానిక్: లోపలి స్ప్రింగు దీన్ని ఎప్పుడూ బయటికి నెడుతూ ఉంటుంది. ఆ ఒత్తిడంతా మరచుట్ల మీదే. నొక్కి పట్టుకుంటే ఆ బరువు దిగుతుంది.

ఫిట్టరు: బరువు దింపి నట్టు విప్పడం. బానే ఉంది. ఇంకోటి చెయ్యి. విప్పే ముందు ఒక్క వెంట్రుక మందం బిగించు.

మెకానిక్: బిగించాలా?

ఫిట్టరు: ఉప్పు గడ్డ ఏ వైపు పగిలినా పగిలినట్టే. విప్పే వైపే నేను ఇంట్లో నెట్టాను, ఆ వైపు అది సిద్ధంగా ఉంది.

మెకానిక్ ఇష్టం లేకుండానే కొద్దిగా బిగించే వైపు నెట్టాడు. తరువాత వెనక్కి. రెండు మూడు సార్లకి "కర్" మన్నది, పంచదార మీద చెప్పు పడితే వచ్చే చప్పుడు. పావు చుట్టు వచ్చింది. అక్కడ మళ్ళీ గట్టిపడింది. మెకానిక్ వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

ఫిట్టరు: ఆపు! నెట్టకు. వచ్చిన దారినే వెనక్కి పో, మళ్ళీ రా. చుక్క నీళ్ళు వెయ్యి. ముందుకి ఎంత వస్తే వెనక్కి సగం.

అలా ముందుకీ వెనక్కీ తిప్పుతుండగా ఒక చోట గట్టితనం వదిలింది, క్రౌన్ ఎగిరి బయటికొచ్చింది. ఐగ్లాసులో చూస్తే ట్యూబు మీద బూడిదరంగు ముద్ద, పళ్ళ మధ్య పాచిలా. ముద్ద తుడిచాక ఒక మరచుట్టు అంచు మిగతావాటి కంటే తళతళలాడుతోంది. అక్కడ లోహం లోహానికి అతుక్కోవడం మొదలైంది. ఎవరి రోగనిర్ణయం సరైనదని అడిగితే ఇద్దరిదీ అనాలి, అది ఇద్దరికీ నచ్చలేదు.

మెకానిక్: నా ఉప్పే ముప్పాతిక.

ఫిట్టరు: ఆ పాతిక నేను చెప్పకపోతే నువ్వు దాన్ని విరగ్గొట్టేవాడివి. మరకి పూత రాయి. మా దగ్గర రాగి పొడి కలిపిన గ్రీజు ఉండేది.

మెకానిక్: రాగి గ్రీజు మీ ఓడకి. ఇక్కడ రబ్బరు వాషరు ఉంది, దానికి సిలికాన్ గ్రీజు, అదీ కంటికి కనబడీ కనబడనంత. ఎక్కువైతే దుమ్ము పడుతుంది. తేదీ మార్చనా? సాయంత్రం ఆరు దాటలేదు, భయం లేదు. ఈ మిషన్‌లో రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 దాకా తేదీ మార్చకూడదు. ఆ వేళలో చక్రం పళ్ళు పట్టులో ఉంటాయి.

ఫిట్టరు: మార్చు. వారం ఇంగ్లీషులోనే ఉంచు. టైము మాత్రం పన్నెండు నిమిషాలు ముందే ఉండనీ.

మెకానిక్: మూసేటప్పుడు నొక్కి, ముందు ఒకసారి విప్పే వైపు తిప్పండి. మర మొదలు దొరికినట్టు చిన్నగా దిగుతుంది. అప్పుడు బిగించండి. ఆగిన చోట ఆపెయ్యండి. అదనంగా ఒక పట్టు వద్దు.

ఫిట్టరు: అదనంగా ఒక పట్టు లేకుండా నేను జీవితంలో ఏదీ బిగించలేదు.

మెకానిక్: ఓడలో మర బిగుస్తేనే పట్టు నిలుస్తుంది. ఇక్కడ నీళ్ళని ఆపేది వాషరు, మర దాన్ని అక్కడ కూర్చోబెడుతుంది, అంతే. అదనపు పట్టుతో వాషరు చితుకుతుంది. మీది ఇప్పటికే చితికింది, చూడండి. గుండ్రంగా ఉండాల్సింది పలకలా అయ్యింది.

ఫిట్టరు: అయితే కొత్తది వెయ్యి.

మెకానిక్: ఆ కొలత నా దగ్గర లేదు. తెప్పించాలి. వేశాక ప్రెషర్ టెస్టు కూడా చేయించాలి.

ఫిట్టరు: రేపు తెల్లవారి స్నానం సంగతేటి?

మెకానిక్: స్నానానికి ఏం? వాచీ ఇక్కడుంటుంది, మీరు సముద్రంలో ఉంటారు.